అంగుళం పోతే ఎంత పోయినట్టు?

మా బావమరిది కిందటి ఏడాది ఊరి చివర ఒక వెంచరులో 200 గజాల స్థలం కొన్నాడు. దస్తావేజులో రోడ్డు వైపు 36 అడుగులు, లోపలికి 50 అడుగులు అని రాసి ఉంది. రెండూ గుణిస్తే 1800 చదరపు అడుగులు. గజానికి తొమ్మిది చదరపు అడుగుల లెక్కన సరిగ్గా 200 గజాలు. తీరా ప్రహరీ కట్టించే ముందు మేస్త్రీ టేపు పట్టి చూస్తే రోడ్డు వైపు 35 అడుగుల 11 అంగుళాలే వచ్చింది, పైగా మూల కూడా మూలమట్టానికి కుదరలేదు. ఆ సాయంత్రమే ఫోను చేసి, "బావా, అంగుళం పోతే పోయింది గానీ, మూల వంకరగా ఉందంటున్నాడు మేస్త్రీ. దానివల్ల ఎన్ని గజాలు పోతాయో కాస్త లెక్క వేసి చెప్పు" అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు గణితం చెప్పినవాణ్ని కాబట్టి, దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో అతను తారుమారు చేసుకున్నాడని వినగానే అర్థమైంది. అయితే అర్థమైనదాన్ని ఫోనులో చెప్పడం చేతకాక, కాగితం మీద వేసి చూపిస్తానని చెప్పి పెట్టేశాను. ఆ కాగితమే కాస్త పెరిగి ఇలా తయారైంది.

ముందు అంగుళం సంగతి. రోడ్డు వైపు కొలతలో అంగుళం తగ్గిందంటే, స్థలం పక్క గట్టు వెంబడి అంగుళం వెడల్పున, 50 అడుగుల పొడవున ఒక పట్టీ మొత్తం పోయిందని అర్థం. అంగుళం అంటే అడుగులో పన్నెండో వంతు కాబట్టి ఆ పట్టీ వైశాల్యం 50ని 12తో భాగిస్తే వచ్చే 4.17 చదరపు అడుగులు, అంటే 0.46 గజం. అతను గజం పదిహేను వేలకు కొన్నాడు కాబట్టి పోతే పోయిందన్న అంగుళం ఖరీదు దాదాపు ఏడు వేలు. అదే అంగుళం లోపలి కొలతలో, అంటే 50 అడుగుల వైపు తగ్గి ఉంటే పోయే పట్టీ 36 అడుగుల పొడవే ఉంటుంది కాబట్టి నష్టం మూడు చదరపు అడుగులు, గజంలో మూడో వంతు. పొట్టి వైపు కొలతలో తప్పు జరిగితే దాన్ని గుణించేది పొడుగు వైపు. స్థలాలు కొనేటప్పుడు అందరూ లోతు ఎంతుందని పదే పదే కొలిపిస్తారు గానీ, ముందు వెడల్పులో అంగుళం తేడా వస్తేనే ఎక్కువ పోతుందని ఎవరూ గమనించరు.

రెండు వైపులా చెరో అంగుళం తగ్గితే ఎంత? రెండు పట్టీలనూ కలిపితే 7.17 చదరపు అడుగులు. కచ్చితంగా చెప్పాలంటే ఇది ఒక చదరపు అంగుళం ఎక్కువ, ఎందుకంటే రెండు పట్టీలూ కలిసే మూలలో ఉన్న అంగుళం గడిని మనం రెండుసార్లు తీసేశాం, ఒకసారి తిరిగి కలపాలి. వెయ్యికి పైగా చదరపు అంగుళాల నష్టంలో ఈ ఒక్క చదరపు అంగుళాన్ని వదిలేయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. పట్టీలను ఉంచుకుని మూల గడిని వదిలేయడమే ఉజ్జాయింపు. ఆ పట్టీ పొడవు ఎంత అన్న ప్రశ్నకు జవాబే అవకలజం (డెరివేటివ్), అంటే కొలత కాస్త మారితే ఫలితం దానికి ఎన్ని రెట్లు మారుతుందో చెప్పేది. దాన్ని కనుక్కోవడమే అవకలనం.

నేను పాఠం చెప్పిన రోజుల్లో ఇంటర్ మొదటి సంవత్సరంలో అవకలజాల అనువర్తనాల అధ్యాయంలో దోషాలు, ఉజ్జాయింపులు అని ఒక భాగం ఉండేది. చతురస్రం భుజం 3 సెంటీమీటర్ల నుంచి 3.01కి పెరిగితే వైశాల్యం ఉజ్జాయింపుగా ఎంత పెరుగుతుంది అన్నది అందులో వచ్చే లెక్కల బాపతు. పిల్లలు భుజం వర్గాన్ని అవకలనం చేసి, భుజానికి రెట్టింపు తీసుకుని, దాన్ని 0.01తో గుణించి 0.06 అని రాసి మార్కులు తెచ్చుకునేవారు. ఏటా కనీసం ఒకరైనా లేచి, "సార్, 3.01ని వర్గం చేస్తే 9.0601 వస్తుంది కదా, పెరిగింది 0.0601 అని సూటిగా తెలిసిపోతుంటే ఈ ఉజ్జాయింపు ఎందుకు?" అని అడిగేవారు. ఆ ప్రశ్న అడిగినవాడే తరగతిలో అందరికంటే బాగా ఆలోచించినవాడని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పట్లో మాత్రం పరీక్షలో అలాగే అడుగుతారు, కూర్చో అనేవాణ్ని.

నిజానికి ఆ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. దోషం ఎంతో మనకు ఎప్పుడూ తెలియదు, అది ఎంతకు మించదో మాత్రమే తెలుస్తుంది. అటూ ఇటూ అంగుళం తేడా ఉండవచ్చు అన్న మాటను వర్గం చేసి కచ్చితమైన జవాబు చెప్పడంలో అర్థం లేదు, ఆ అంగుళాన్ని ఏది గుణిస్తుందో తెలిస్తే చాలు. రెండో జవాబు నాకు ఇంకా ఇష్టమైనది. కచ్చితమైన తీసివేత మనకు ఒక అంకెను ఇచ్చి ఊరుకుంటుంది, అవకలజం మాత్రం పెరిగినది ఆకారంలో ఏ చోట పెరిగిందో చూపిస్తుంది.

వృత్తాన్ని తీసుకుంటే ఈ మాట బాగా తెలుస్తుంది. వృత్త వైశాల్యం వ్యాసార్ధం వర్గాన్ని పై (π)తో గుణిస్తే వస్తుంది. దాన్ని అవకలనం చేస్తే వచ్చేది రెండు పై రెట్ల వ్యాసార్ధం, అంటే పరిధి. వ్యాసార్ధం కాస్త పెరిగితే వృత్తం చుట్టూ సన్నని అంచు చేరుతుంది, ఆ అంచు పొడవు పరిధి అంత ఉంటుంది, దాన్ని ఒకచోట తెంపి సాగదీస్తే దాదాపు పట్టీ అవుతుంది. దాదాపు అని ఎందుకంటున్నానంటే, అంచుకు బయటి వైపు లోపలి వైపుకంటే కొంచెం పొడుగు. నూతికి దించే సిమెంటు ఒరతో ఇది లెక్క వేసి చూడవచ్చు. లోపలి వ్యాసార్ధం 45 సెంటీమీటర్లు, గోడ మందం 5 సెంటీమీటర్లు ఉన్న ఒరను అడ్డంగా కోస్తే కనిపించే సిమెంటు వైశాల్యం, లోపలి పరిధిని మందంతో గుణించినప్పుడు 1414 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అసలు వైశాల్యం 1492. అయిదు శాతానికి పైగా తక్కువ అంచనా వేశామన్న మాట, 45లో 5 అనేది సన్నని అంచు కాదు కాబట్టి. అయితే లోపలి పరిధికి బదులు గోడ నడిమధ్య పరిధిని, అంటే 47.5 దగ్గరి పరిధిని మందంతో గుణించి చూడండి, సరిగ్గా 1492 వస్తుంది. బయట ఎక్కువైనంతా లోపల తక్కువై సరిపోతుంది కాబట్టి వృత్తం విషయంలో ఇది ఉజ్జాయింపు కాదు, అచ్చమైన జవాబు. ఒరలు పోసేవాళ్లు సిమెంటు అంచనాకు మధ్య చుట్టుకొలతను వాడితే, తెలియకుండానే అవకలజాన్ని అది ఉండవలసిన చోటే తీసుకున్నట్టు.

పరిధి సంగతి ఇంకా తేలిక. వ్యాసార్ధం ఒక సెంటీమీటరు పెరిగితే పరిధి 6.28 సెంటీమీటర్లు పెరుగుతుంది, వృత్తం నిమ్మకాయంత ఉన్నా భూమి అంత ఉన్నా ఒకటే, ఎందుకంటే ఇక్కడ అవకలజంలో వ్యాసార్ధం ఊసే లేదు. భూమధ్యరేఖ చుట్టూ బిగించిన తాడుకు ఒక మీటరు అతుకు వేస్తే అది చుట్టూతా దాదాపు 16 సెంటీమీటర్లు పైకి లేస్తుందన్నది పాత చమత్కారం. నాకు మాత్రం ఎన్నిసార్లు లెక్క వేసినా నమ్మకం కుదరదు.

గోళం దగ్గరికి వస్తే ఘనపరిమాణాన్ని అవకలనం చేసినప్పుడు ఉపరితల వైశాల్యం వస్తుంది. పూత మందం తెలిస్తే పూత ఎంత పట్టిందో దీనితో చెప్పవచ్చు. సరే, వృత్తానికి పరిధి, గోళానికి ఉపరితలం వచ్చాయి కదా, మరి చతురస్రానికి చుట్టుకొలత ఎందుకు రాలేదు? భుజం వర్గాన్ని అవకలనం చేస్తే రెండు భుజాలే వచ్చాయి, చుట్టుకొలతలో సగం. ఘనానికీ అంతే, ఆరు ముఖాలకు గాను మూడే వస్తాయి. దీనికి కారణం కొలత ఎక్కడినుంచి మొదలుపెట్టామన్నదే. భుజం పెరిగిందన్నప్పుడు మనం ఒక మూలను మేకు కొట్టి కదలకుండా ఉంచి, ఎదురుగా ఉన్న రెండు వైపులనే జరుపుతున్నాం. వృత్తంలో మేకు కేంద్రంలో ఉంటుంది. చతురస్రానికి కూడా కేంద్రం నుంచి అంచు వరకు ఉన్న దూరాన్ని, అంటే అరభుజాన్ని కొలతగా పెట్టుకుని అవకలనం చేస్తే నాలుగు వైపులూ ఒకేసారి జరిగి మొత్తం చుట్టుకొలత వస్తుంది. చాలా ఏళ్లు పాఠం చెప్పాక గానీ నాకు ఈ తేడా తట్టలేదు.

అవకలజం అంటే ఆకారపు చర్మం అనుకుంటే ఒక సూత్రం తప్పో ఒప్పో పట్టుకోవడానికి కూడా అది పనికొస్తుంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గోళ ఘనపరిమాణానికి ఇచ్చిన నియమం, గోళం నడిమి వృత్తపు వైశాల్యాన్ని దాని వర్గమూలంతో గుణించమంటుంది. చతురస్రం నుంచి ఘనానికి వెళ్లే దారి అదే కాబట్టి పోలిక ముచ్చటగానే ఉంది గానీ, జవాబు అసలుకంటే మూడో వంతు ఎక్కువ వస్తుంది. ఆ నియమాన్ని అవకలనం చేస్తే వ్యాసార్ధం వర్గానికి 16.7 రెట్లు వస్తుంది; అది నిజమైతే గోళం చర్మం నడిమి వృత్తానికి 5.3 రెట్లు ఉండాలి. చర్మం సరిగ్గా నాలుగు వృత్తాలంతే. దాదాపు ఆరున్నర శతాబ్దాల తర్వాత, 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు ఈ రెండింటినీ సరిగ్గా ఇచ్చాడు. ఉపరితలాన్ని ఉసిరికాయ మీది చారల్లా తొనలుగా విడదీసి కొలిచాడు, ఘనపరిమాణాన్ని ఉపరితలం మీద అడుగు, కేంద్రంలో మొన ఉన్న సన్నని సూదుల మొత్తంగా చూశాడు. గ్రహాల తాత్కాలిక గతిని, అంటే ఆ క్షణంలోని వేగాన్ని లెక్కించేటప్పుడు జ్యా(సైన్)లో వచ్చే చిన్న మార్పు కోటిజ్య(కొసైన్)కు అనుపాతంలో ఉంటుందని చెప్పినవాడూ ఆయనే. మన తరగతుల్లో సైన్ అవకలజం కొసైన్ అని బోర్డు మీద రాసేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు, నేనూ చెప్పలేదు.

ఇక శాతాల సంగతి. కొలతలో ఒక శాతం తేడా ఉంటే వైశాల్యంలో రెండు శాతం, ఘనపరిమాణంలో మూడు శాతం తేడా వస్తుంది. ఘాతం (వర్గానికి రెండు, ఘనానికి మూడు) ఎంతో అన్ని రెట్లు. పిల్లలు దీన్ని గణితంలో శాత దోషంగా చదివేవారు, పక్క గదిలో భౌతికశాస్త్రంలో వేడికి వస్తువు ఘనపరిమాణం పెరిగే వ్యాకోచ గుణకం, పొడవు పెరిగే దైర్ఘ్య వ్యాకోచ గుణకానికి మూడు రెట్లని కంఠస్థం చేసేవారు, ఈ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పకపోవడంవల్ల రెండుసార్లు కష్టపడేవారు. ఉక్కు ఒక డిగ్రీకి పది లక్షల భాగాల్లో దాదాపు 12 భాగాలు సాగుతుంది. 20 డిగ్రీల దగ్గర సరిచూసిన 30 మీటర్ల ఉక్కు టేపును 40 డిగ్రీల ఎండలో వాడితే అది ఏడు మిల్లీమీటర్లకు పైగా సాగి ఉంటుంది. టేపు సాగితే దాని మీది గీతలు దూరమవుతాయి కాబట్టి నేల అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది. పొడవులో దోషం పదివేలకు 2.4 అయితే వైశాల్యంలో 4.8, 4840 గజాల ఎకరం మీద ఇది 2.3 గజాలు. ఎండాకాలం మధ్యాహ్నం కొలిపించుకుని అమ్మేవాడు ఆ మేరకు నష్టపోతాడు.

ఇదే లెక్క ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. 2019 మే 20న కిలోగ్రాముకు కొత్త నిర్వచనం అమలులోకి వచ్చే ముందు, ఆ నిర్వచనానికి ఆధారమైన ప్లాంక్ స్థిరాంకాన్ని నిర్ణయించడానికి వాడిన దారుల్లో ఒకటి, ఒక కిలో బరువున్న సిలికాన్ గోళంలో ఎన్ని పరమాణువులున్నాయో లెక్కపెట్టడం. ఆ గోళం వ్యాసం దాదాపు 94 మిల్లీమీటర్లు. ఘనపరిమాణంలో తప్పు పది కోట్లలో రెండు భాగాలకు మించకూడదనుకుంటే, వ్యాసంలో తప్పు అందులో మూడో వంతుకు, అంటే 0.6 నానోమీటరుకు మించకూడదు. సిలికాన్ స్ఫటికంలో పరమాణువులు పేర్చుకున్న ఒక గడి వెడల్పే 0.54 నానోమీటరు. ఘాతం తెచ్చిపెట్టిన ఆ మూడు లేకపోతే కొలిచేవాళ్లకు మూడు గళ్ల వెసులుబాటు ఉండేది, అది ఉండటంవల్ల ఒక గడి దగ్గరే జాగ్రత్త పడవలసి వచ్చింది.

కోణాలు వచ్చేసరికి కొంచెం జాగ్రత్త కావాలి. తాటిచెట్టు ఎత్తును దూరంగా నిలబడి కోణం చూసి లెక్క వేస్తున్నామనుకుందాం. చెట్టు 20 మీటర్లదైతే, 20 మీటర్ల దూరంలో 45 డిగ్రీల కోణం వస్తుంది, అక్కడ ఒక డిగ్రీ పొరపాటు పడితే ఎత్తులో 70 సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఎండకు ఓర్వలేక చెట్టుకు దగ్గరగా వెళ్లి 80 డిగ్రీల కోణం నుంచి చూస్తే అదే డిగ్రీ పొరపాటు రెండు మీటర్లు దాటుతుంది. చెట్టు ఎంత ఎత్తో అంత దూరం వెళ్లి నిలబడటమే మేలని అవకలజం చెబుతుంది. ఈ లెక్కల్లో డిగ్రీని డిగ్రీగానే వదిలేసి, అవకలజానికి సరిపోయే కోణ కొలమానమైన రేడియన్లలోకి మార్చకుండా, అంటే 0.01745 అని రాయకుండా గుణించి, చెట్టు ఎత్తులో నలభై మీటర్ల దోషం వచ్చిందని నిబ్బరంగా రాసిన జవాబుపత్రాలు నేను చాలా దిద్దాను.

మా బావమరిది అడిగిన మూల సంగతి కూడా కోణానిదే. నాలుగు భుజాల పొడవులూ మారకుండా మూల మాత్రం వంకరపోతే వైశాల్యం 1800ను ఆ కోణపు సైన్‌తో గుణించినంత అవుతుంది. దాన్ని అవకలనం చేస్తే కొసైన్ వస్తుంది, 90 డిగ్రీల దగ్గర కొసైన్ సున్నా. అంటే పట్టీ పొడవు సున్నా, మొదటి అంచనాలో నష్టమే లేదు. నష్టం బొత్తిగా లేదని కాదు. ఇందాక మనం వదిలేసిన మూల గడిలాంటి చిన్న ముక్క ఒక్కటే ఇక్కడ మిగులుతుంది. ఒక డిగ్రీ వంకరకు పోయేది చదరపు అడుగులో నాలుగో వంతు చిల్లర, అయిదు డిగ్రీలకు దాదాపు ఏడు చదరపు అడుగులు, పది డిగ్రీలకు మూడు గజాలు. అయిదు డిగ్రీల వంకర కంటికే కనిపిస్తుంది, మూలమట్టం అక్కర్లేదు.

అయితే వంకర ఎంతో అసలు తెలిసేదెలా అన్నది మిగిలింది. దానికి ఎదురెదురు మూలల మధ్య కర్ణాలు కొలవమన్నాను. సరైన మూలలుంటే రెండు కర్ణాలూ 61 అడుగుల 7 అంగుళాల దగ్గర సమానంగా ఉండాలి. మూల ఒక డిగ్రీ జరిగితే ఒక కర్ణం ఆరు అంగుళాలు పొడుగై, రెండోది ఆరు అంగుళాలు పొట్టిదవుతుంది. వైశాల్యానికి దాదాపు చీమకుట్టినట్టయినా ఉండని వంకర కర్ణాల్లో ఇంత పెద్దగా బయటపడటం నాకు ఈ లెక్క మొత్తంలో అన్నిటికంటే నచ్చిన సంగతి. రెండు కర్ణాల తేడాను తీసుకుంటే భుజాల కొలతల్లో ఉన్న చిన్న తప్పులు కూడా చాలావరకు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి.

మర్నాడు పొద్దున మేస్త్రీని తీసుకెళ్లి కొలిచి ఫోను చేశాడు. "ఒకటి 61 అడుగుల 4 అంగుళాలు, ఇంకోటి 61 అడుగుల 10 అంగుళాలు వచ్చాయి బావా" అన్నాడు. సగటు నుంచి చెరో మూడు అంగుళాలు, అంటే మూల వంకర అర డిగ్రీ. దానివల్ల పోయిన నేల తొమ్మిదిన్నర చదరపు అంగుళాలు, సుమారుగా సగం పోస్టుకార్డంత. అంగుళం పట్టీ మాత్రం ఆరువందల చదరపు అంగుళాలు. "అయితే వెంచరువాళ్లను అడగవలసింది మూల గురించి కాదన్న మాట" అన్నాడు. అవునన్నాను. ఆ మధ్యాహ్నమే టేపు పట్టుకుని వాళ్ల ఆఫీసుకు వెళ్లాడు.